బ్లడ్ డోనర్ల సీరంలో యాంటీబాడీలు చూడడం: జిల్లా బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్లకు పని పద్ధతి

మహమ్మారి జిల్లాలో ఎంతమందిని తాకి పోయిందో తెలుసుకోవాలంటే ఇంటింటికీ తిరిగి రక్తం తీయాలి. దానికి బండ్లు కావాలి, మనుషులు కావాలి, నెలల సమయం కావాలి. బ్లడ్ బ్యాంకుకు మాత్రం రోజూ జనం తమంతట తామే వచ్చి చెయ్యి చాపుతారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలకు తీసిన వైల్‌లో ఎలాగూ సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు) మిగులుతుంది. ఇంకో సూది పొడవకుండా, ఆ మిగిలిన సీరంతోనే నెలనెలా జిల్లా పరిస్థితి చూడొచ్చు.

కోవిడ్ కాలంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన జాతీయ సర్వేకు తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలను తీసుకున్నారు. జిల్లాకు 10 క్లస్టర్లు (ఊళ్లు, వార్డులు), క్లస్టర్‌కు 40 మంది పెద్దవాళ్లు. దేశం మొత్తం మీద 2020 మే, జూన్‌లలో 0.73 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. 2021 జూన్, జూలై నాటికి అది 67.6 శాతానికి చేరింది. ఈ రెండు అంకెల నడుమ ఏ నెలలో ఏం జరిగిందన్నది నాలుగు విడతల సర్వేతో పూర్తిగా తేలదు. డోనర్ల పరీక్ష ఉపయోగపడేది అక్కడే.

ఈ పనిలో తప్పుల్లో ఎక్కువ భాగం కిట్ డబ్బా తెరవకముందే జరిగిపోతాయి. ఎవరి రక్తం తీశాం, ఆ వైల్ ఎండలో ఎంతసేపు ఉంది అన్న దగ్గరే సగం ఫలితం ఖాయమవుతుంది. మిగిలిన తప్పులు రీడర్ (ప్లేటు రంగును కొలిచే యంత్రం) అంకెలు ఇచ్చాక, లెక్క కట్టేటప్పుడు దొర్లుతాయి. ఈ రెండు చోట్ల మీద ఎక్కువ దృష్టి పెట్టండి.

ముందు డోనర్‌తో మాట్లాడాలి

రక్తదానానికి ఇచ్చే అనుమతి వేరు, ఈ పరీక్షకు ఇచ్చే అనుమతి వేరు. ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకున్నాక, దానం ఫారంతో పాటు ఇంకో కాగితం మీద సంతకం పెట్టించాలి. కాగితం చేతికిచ్చి సంతకం చేయమంటే సరిపోదు, నోటితో చెప్పాలి. క్యాంపులో ఈ మాటలు చాలు:

“అన్నా, మీరిచ్చే రక్తం రోగికే పోతది. టెస్టులకు తీసిన వైల్‌ల కొద్దిగ మిగుల్తది. దాంట్ల ఈ జబ్బు మీకు ఇదివరకు వచ్చి పోయిందా అని చూస్తం. ఇప్పుడు జబ్బు ఉందా లేదా అనేది దీంట్ల తెల్వది. మీ పేరు ఎవ్వరికీ చెప్పం. వద్దంటే వద్దనండి, రక్తం మాత్రం తీసుకుంటం.”

చివరి మాట తప్పకుండా చెప్పాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. “రక్తం ఇస్తే యాంటీబాడీ టెస్టు ఉచితం” అని బ్యానర్ కట్టకండి. టెస్టు కోసమే వచ్చేవాళ్లలో ఈమధ్యే జ్వరం వచ్చి అనుమానంతో ఉన్నవాళ్లు ఎక్కువగా ఉంటారు. దాంతో రెండు నష్టాలు: మన శాతం ఉన్నదానికంటే పెరుగుతుంది, స్క్రీనింగ్‌లో నిజం దాచే డోనర్లు పెరుగుతారు. రెండోది రోగి ప్రాణం మీదికి వచ్చే విషయం.

దానం అర్హతల్లో దేన్నీ సడలించకూడదు. వయసు 18 నుంచి 65, 350 మి.లీ. బ్యాగుకు కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు, మగవాళ్లకు 90 రోజుల ఎడం, ఆడవాళ్లకు 120 రోజులు. కోవిడ్‌లో కోలుకున్నాక 28 రోజులు, 2021 మే నుంచి టీకా డోసు తర్వాత 14 రోజులు ఆగమన్నారు. ఈ నిబంధనల వల్ల అప్పుడే జబ్బు పడినవాళ్లు మన లెక్కలోకి రారు. పైగా ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే రకం యాంటీబాడీ) బలంగా కనిపించడానికి లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఆగస్టులో తీసిన సీరం జూలైలో, అంతకుముందు సోకినవాళ్ల సంగతి చెబుతుంది. రిపోర్టులో ఈ మాట ఉండాలి.

ఎవరు వస్తున్నారు, ఎవరు రావట్లేదు

ఫారంలో పేరు, చిరునామా కాకుండా ఈ వివరాలు రాయాలి: వయసు, లింగం, గత మూడు నెలలు నివసించిన మండలం, పని, స్వచ్ఛందంగా ఇచ్చారా లేక బంధువు కోసం ఇచ్చారా, టీకా పేరు, డోసుల తేదీలు, ముందు టెస్టులో పాజిటివ్ వచ్చి ఉంటే ఆ తేదీ.

ఆధార్ కార్డులో దేవరకొండ అని ఉన్న కుర్రాడు ఏడాదిగా హైదరాబాద్ హాస్టల్‌లో ఉండవచ్చు. అతన్ని దేవరకొండ లెక్కలో వేస్తే ఆ మండలం అంకె తప్పుతుంది. అందుకే “ఎక్కడివాళ్లు” అని అడగొద్దు, “మూడు నెలల నుంచి ఎక్కడ ఉంటున్నారు” అని అడగండి. పాలమూరులో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ముంబయి, పుణె వలస పోయి లాక్‌డౌన్‌లో తిరిగొచ్చినవాళ్లకు సోకే అవకాశం ఎక్కువ, బ్లడ్ బ్యాంకు గడప తొక్కే అవకాశం తక్కువ.

డోనర్లలో మగవాళ్లు, అందులోనూ పడుచువాళ్లు ఎక్కువ. హిమోగ్లోబిన్ 12.5 దగ్గరే చాలామంది ఆడవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. పిల్లలు, 65 దాటినవాళ్లు అసలే లేరు. బంధువు కోసం రక్తమిచ్చేవాళ్లు అప్పటికే ఆసుపత్రి వార్డుల్లో తిరిగి వచ్చినవాళ్లు. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం సందర్భంగా పెట్టే క్యాంపుల్లో పోలీసులు బారులు తీరుతారు. లాక్‌డౌన్‌లో రోడ్డు మీదే ఉన్న వాళ్ల శాతం జిల్లా శాతం ఎలా అవుతుంది? అలాంటి క్యాంపు సీరాలను తీసుకోండి, కానీ వేరే కోడ్‌తో పెట్టి వేరుగా చూపండి. ఒక నెలలో ఒకే క్యాంపు వాటా పదో వంతు దాటకుండా చూసుకుంటే మేలు.

ఎన్ని సీరాలు కావాలి

పాజిటివ్‌లు 20 శాతం దాకా ఉండొచ్చని అంచనా వేసి, 3 శాతం అటూఇటూ తేడాతో తెలుసుకోవాలనుకుంటే లెక్క ఇది: 95 శాతం నమ్మకానికి వాడే 3.84ను 0.20తో, దాన్ని 0.80తో గుణించి, 0.03 వర్గంతో భాగించాలి. 683 వస్తుంది. పగిలినవి, ఎర్రబడినవి, అనుమతి లేనివి పదో వంతు పోతాయనుకుంటే 759 తీయాలి. 5 శాతం తేడా చాలనుకుంటే, శాతం ఎంతన్నది ఏమీ తెలియకపోయినా 385 సరిపోతాయి. చిన్న బ్లడ్ బ్యాంకుకు నెలకు ఇన్ని రాకపోతే రెండు నెలలు కలపండి. వంద సీరాలతో జిల్లా శాతం ప్రకటించకండి.

ఒకే డోనర్ సర్వే జరిగే కాలంలో రెండుసార్లు ఇస్తే మొదటిదే లెక్కలోకి వస్తుంది. రెండో సీరం పారేయొద్దు, దాని ఉపయోగం కింద చెబుతాం.

వైల్ నుంచి సీరం దాకా

బ్యాగుకు డైవర్షన్ పౌచ్ (తొలి రక్తం పట్టే చిన్న సంచి) ఉంటే అందులోంచే శాంపిల్ తీయాలి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) వైల్ గ్రూపింగ్‌కు, ఏ మందూ లేని ప్లెయిన్ వైల్‌లో 5 మి.లీ. మిగతా పరీక్షలకు. తప్పనిసరి ఐదు పరీక్షలు, అంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా అయ్యాకే మిగిలినది మన పనికి. వరుస మార్చకండి, యూనిట్ విడుదల ఆగిపోతుంది. యాంటీబాడీ ఫలితానికీ యూనిట్ విడుదలకూ సంబంధం లేదు. పాజిటివ్ వచ్చిందని బ్యాగు పక్కన పెట్టకూడదు.

ప్లెయిన్ వైల్‌ను నిలబెట్టి 30 నుంచి 45 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తొందరపడి ముందే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పితే సీరంలో సన్నని ఫైబ్రిన్ పోగులు మిగులుతాయి. అవి పైపెట్ టిప్ మూతికి అడ్డం పడి 10 మైక్రోలీటర్లు రావాల్సిన చోట 6 వస్తుంది. వెల్‌లో (పరీక్ష ప్లేటులోని చిన్న గుంటలో) పడితే కాంజుగేట్‌ను (రంగు తెప్పించే ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీని) పట్టుకుని తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. గడ్డ కట్టాక 1,000 నుంచి 1,500 జీ (భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లో చెప్పే కొలత) దగ్గర 10 నిమిషాలు తిప్పాలి. మెషిన్ మీద ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) మాత్రమే ఉంటే రోటర్ వ్యాసార్ధం కొలిచి జీ కట్టుకోండి. 3,000 ఆర్‌పీఎం అన్ని మెషిన్లలో ఒకటి కాదు.

మిర్యాలగూడలోనో అచ్చంపేటలోనో మే నెల క్యాంపు అంటే బయట 43, 44 డిగ్రీలు. వైల్‌ను ఐసు ప్యాకుకు ఆనించి పెడితే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. కారు డిక్కీలో వదిలేస్తే ఉడికిపోతుంది. పెట్టె అడుగున ఐసు ప్యాకులు, వాటి మీద మందపాటి అట్ట లేదా మడిచిన గుడ్డ, దాని మీద స్టాండులో వైల్స్, పక్కన థర్మామీటర్. వీలైతే క్యాంపు దగ్గరే చిన్న సెంట్రిఫ్యూజ్ పెట్టి సీరం వేరు చేసి తెండి. లేకపోతే తీసిన ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

సీరాన్ని రెండు క్రయోవైల్స్‌లో అర మి.లీ. చొప్పున పోసుకోవాలి. ఒకటి పరీక్షకు, ఒకటి దాపుకు. వారంలోపు పరీక్ష చేసేదైతే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్ చాలు, ఆ తర్వాతకైతే మైనస్ 20. తనంతట తాను మంచు కరిగించుకునే ఇంటి ఫ్రిజ్ ఫ్రీజర్ పనికిరాదు. అది రోజూ కొంత వేడెక్కి చల్లబడుతుంది, సీరం నలిగిపోతుంది. 56 డిగ్రీల దగ్గర వేడి చేయడం కిట్ కాగితం చెబితే తప్ప చేయకండి.

గడ్డకట్టిన సీరం కరిగినప్పుడు బరువైన ప్రోటీన్లు అడుక్కి చేరతాయి. వెలుతురుకు పట్టి చూస్తే పైన పలచగా, కింద చిక్కగా చార కనిపిస్తుంది. కలపకుండా పైనుంచి 10 మైక్రోలీటర్లు తీస్తే పాజిటివ్ సీరం కూడా నెగటివ్‌గా తేలుతుంది. కరిగిన ప్రతి వైల్‌నూ మెల్లగా ఎనిమిది, పది సార్లు తలకిందులు చేసి, ఆ చార పోయాకే టిప్ ముంచాలి.

కిట్ ఎంపిక

ర్యాపిడ్ కార్డులతో ఈ పని వద్దు. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ కొన్ని ర్యాపిడ్ కిట్లను ఆపమని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఎలైసా (ప్లేటు గుంటల్లో రంగుతో కొలిచే పరీక్ష) గానీ కెమిల్యుమినిసెన్స్ (వెలుగుతో కొలిచే పరీక్ష) గానీ ఎంచుకోండి. పుణెలోని ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) తయారు చేసిన కోవిడ్ కవచ్ ఎలైసాలో ఒక్క రన్‌లో రెండున్నర గంటల్లో 90 సీరాలు చూడొచ్చు. జిల్లా స్థాయికి అదే సరైన పరిమాణం.

కిట్ ఏ యాంటిజెన్ (యాంటీబాడీ అంటుకునే వైరస్ భాగం) మీద పని చేస్తుందో తెలుసుకోండి. కోవిషీల్డ్ వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్ మీద మాత్రమే యాంటీబాడీలు పుట్టిస్తుంది. కాబట్టి అది వేసుకున్న డోనర్‌లో వైరస్ లోపలుండే ఎన్ ప్రోటీన్ యాంటీబాడీలు దొరికితే అవి జబ్బు వల్ల వచ్చినవే. కోవాక్జిన్ పూర్తి వైరస్‌ను చంపి చేసిన టీకా, రెండింటి మీదా యాంటీబాడీలు పుట్టించగలదు. కోవాక్జిన్ వేసుకున్నవాళ్లను ఎన్ కిట్‌తో కూడా విడదీయలేం. టీకా పేరు రాయకపోతే ఈ లెక్క మొత్తం గాలికి పోతుంది. “టీకా వేసుకున్నారా, అవును” అన్నంత మాత్రాన చాలదు.

కంపెనీ చెప్పిన అంకెలు నమ్మి మొదలుపెట్టకుండా మన దగ్గరే సరి చూసుకోవాలి. ఆర్‌టీపీసీఆర్‌లో పాజిటివ్ వచ్చి 21 రోజులు దాటినవాళ్ల సీరాలు ఒక 50, మహమ్మారికి ముందువి ఒక 150. తెలంగాణలో తొలి కేసు 2020 మార్చి 2న తేలింది, కాబట్టి 2019లో దాచినవి వాడుకోవచ్చు. 150 ఎందుకంటే, 50 నెగటివ్ సీరాల్లో ఒక్క తప్పుడు పాజిటివ్ కూడా రాకపోయినా, తప్పుడు పాజిటివ్‌లు 6 శాతం దాకా ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. మూడును సీరాల సంఖ్యతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. 150 చూస్తే అది 2 శాతానికి దిగుతుంది. ఆ 150లో వానాకాలపు డెంగీ, మలేరియా రోజుల సీరాలు కొన్ని ఉండేలా చూడండి. వాటి వల్ల తప్పుడు పాజిటివ్‌లు వస్తున్నాయేమో ముందే బయటపడుతుంది.

ప్లేటు మీద

సమయాలు, పరిమాణాలు కిట్ కాగితం ప్రకారమే. ఇక్కడ చెప్పేది సాధారణ ఐజీజీ ఎలైసా నడక.

కిట్‌ను అరగంట ముందు బయట పెట్టాలి. వాష్ బఫర్ సీసాలో ఉప్పు పలుకులు కనిపిస్తే 37 డిగ్రీల దగ్గర కరిగించాకే పలచన చేయాలి. పలచన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. ఊరి ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు తాగడానికి మంచివి, ప్లేటు కడగడానికి కావు.

96 వెల్స్‌లో బ్లాంక్ (సీరం లేనిది) 1, నెగటివ్ కంట్రోల్ 3, పాజిటివ్ కంట్రోల్ 2, మన సొంత కంట్రోల్ 2 పోగా 88 డోనర్లు. సొంత కంట్రోల్ అంటే నాలుగైదు పాజిటివ్ సీరాలు కలిపి, కటాఫ్‌కు (పాజిటివ్, నెగటివ్‌లను విడదీసే హద్దుకు) కొంచెం పైన ఉండేలా పలచన చేసి, చిన్న వైల్స్‌లో దాచుకున్నది. 20 రన్‌ల సగటు తీసి గ్రాఫ్ గీసుకోండి. ఎప్పుడైనా రెండు ఎస్‌డీలు (ఎస్‌డీ అంటే అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే కొలత) దాటితే కారణం తేలేదాకా ఆ ప్లేటు ఫలితాలు ఇవ్వకండి. కంపెనీ పాజిటివ్ కంట్రోల్ చాలా బలంగా ఉంటుంది, కిట్ సగం పాడైనా అది పాసవుతుంది.

1:100 పలచన అంటే 990 మైక్రోలీటర్ల డైల్యూయెంట్‌లో 10 సీరం. టిప్‌ను సీరంలో రెండు మూడు మిల్లీమీటర్ల కన్నా లోతుగా ముంచొద్దు, బయట అంటుకున్నది కూడా వెళ్లి పడుతుంది. ఒక్కో వెల్‌లోకి ఒక్కొక్కటిగా పోస్తూ పోతే మొదటి వెల్‌కూ 96వ దానికీ ఇరవై నిమిషాల తేడా వస్తుంది. పలచన అంతా ముందు వేరే ప్లేటులో చేసి పెట్టుకుని, 8 టిప్పుల పైపెట్‌తో 100 మైక్రోలీటర్ల చొప్పున రెండు నిమిషాల్లో మార్చేయండి. ప్లేటుకు మూత అంటించి 37 డిగ్రీల దగ్గర గంటసేపు. మూత లేకపోతే అంచు వెల్స్ ఆరి, వాటి ఓడీ (రంగు గాఢత అంకె) పెరుగుతుంది. పాజిటివ్‌లన్నీ అంచుల్లోనే వరుసగా కనిపిస్తే డోనర్లను కాదు, మూతను అనుమానించండి.

వాష్ ఐదుసార్లు, ప్రతిసారీ 350 మైక్రోలీటర్లు, అర నిమిషం నానబెట్టి. తర్వాత బోర్లించి టిష్యూ మీద తట్టాలి. వాషర్ సూదుల్లో ఒకటి మూసుకుపోతే ఆ వరుస మొత్తం పసుపు పచ్చగా మారుతుంది. సాయంత్రం వాషర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో నడిపాకే ఆపాలి. కాంజుగేట్ వేసి, మళ్లీ కడిగి, టీఎంబీ (రంగు పుట్టించే ద్రావణం) 100 మైక్రోలీటర్లు పోసి చీకట్లో 10 నిమిషాలు ఉంచాలి. సీసాలో టీఎంబీ అప్పటికే నీలంగా ఉంటే పారేయండి. కావాల్సినంతే వేరే గిన్నెలోకి ఒంపుకోండి, మిగిలింది తిరిగి సీసాలో పోయొద్దు. సోడియం అజైడ్ ఉన్న బఫర్ ఏది తగిలినా ఎంజైమ్ చచ్చిపోయి ప్లేటంతా తెల్లగా ఉండిపోతుంది. స్టాప్ ద్రావణం వేశాక 450 నానోమీటర్ల దగ్గర వెంటనే చదవాలి.

ఎండాకాలం ఏసీ లేని గదిలో రంగు త్వరగా ఎక్కుతుంది, ఓడీలన్నీ పైకి జరుగుతాయి. గది ఉష్ణోగ్రత ప్రతి రన్‌కూ రాసి పెట్టండి. ఇన్‌క్యుబేటర్, రీడర్ రెండూ యూపీఎస్ మీద ఉండాలి. మధ్యలో కరెంటు పోయి పది నిమిషాలు ఇన్‌క్యుబేటర్ చల్లబడితే సమయం పెంచి సర్దుకోవద్దు, ప్లేటు మళ్లీ చేయాల్సిందే.

కటాఫ్‌కు 10 శాతం అటూఇటూ వచ్చినవాటిని రెండు వెల్స్‌లో మళ్లీ చేసి, మూడింటిలో రెండు ఏది చెబితే అది రాయండి.

అంకెల్ని సరిచేయడం

500 మందిలో 60 మంది పాజిటివ్ అంటే పైకి 12 శాతం. కిట్ సెన్సిటివిటీ (నిజంగా ఉన్నవాళ్లను పట్టే శాతం) 92, స్పెసిఫిసిటీ (లేనివాళ్లను నెగటివ్‌గా చూపే శాతం) 98 అనుకుందాం. పైకి కనిపించిన 0.12కు 0.98 కలిపి 1 తీసేయాలి, 0.10 వస్తుంది. 0.92, 0.98 కలిపి 1 తీసేస్తే 0.90. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 11.1 శాతం. తేడా చిన్నదే. అదే మహమ్మారి మొదట్లో పైకి 3 శాతం కనిపిస్తే, సరిచేశాక 1.1 శాతమే మిగులుతుంది, మూడో వంతుకు పడిపోతుంది. అందుకే తొలి నెలల్లో ఒక్కో డోనర్‌కూ “మీకు వచ్చి పోయింది” అని చెప్పడం తప్పు. ఆ దశలో పాజిటివ్ చీటీల్లో మూడింట రెండు వంతులు అబద్ధం కావచ్చు.

తర్వాత వయసు, లింగం తూకం. 700 మందిలో 630 మగవాళ్లు, వాళ్లలో 63 పాజిటివ్, అంటే 10 శాతం. 70 మంది ఆడవాళ్లు, 14 పాజిటివ్, 20 శాతం. కలిపి చూస్తే 11 శాతం. జనాభాలో సగం సగం కాబట్టి సరైన అంకె 15 శాతం. అయితే 70 మందితో కట్టిన ఆ 20 శాతం నిజానికి 11 నుంచి 29 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దాంతో మొత్తం అంకె కూడా 15కు 5 అటూఇటూ అవుతుంది. తూకం వేసి ఈ 5ను దాచిపెడితే లెక్క చూసేవాళ్లను మోసం చేసినట్టే. మహిళా డిగ్రీ కాలేజీల్లో, అంగన్‌వాడీ సిబ్బందితో రెండు క్యాంపులు ఎక్కువ పెట్టడం అసలైన పరిష్కారం.

జనాభా అంకెల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2011 జనగణన పాత జిల్లాలది. 2016లో పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట వచ్చాయి. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలో కలిశాయి. పాత జిల్లా జనాభాతో కొత్త జిల్లా డోనర్లను తూకం వేయకూడదు. మండలాల వారీగా తీసి కూడుకోండి. ఫారంలో మండలం రాయమన్నది దీనికోసమే.

చివరిది, యాంటీబాడీలు తగ్గిపోవడం. ఎన్ ప్రోటీన్ ఐజీజీ చూసే కొన్ని కిట్లలో కొన్ని నెలలకే పాజిటివ్ డోనర్ నెగటివ్ అవుతాడు. బ్రెజిల్‌లోని మనౌస్‌లో డోనర్ల సీరాలు చూసినవాళ్లు ఈ తరుగు లెక్కలోకి తీసుకున్నాకే 2020 అక్టోబరు నాటికి 76 శాతం మందికి సోకిందని అంచనా వేశారు. పైకి కనిపించిన శాతం అప్పటికే దిగిపోతోంది. మన దగ్గర తరుగు ఎంతో తెలియాలంటే మళ్లీ మళ్లీ వచ్చే డోనర్ల సీరాలే దారి. మార్చిలో ఇచ్చినది, జూలైలో ఇచ్చినది రెండూ ఒకే ప్లేటులో, పక్కపక్క వెల్స్‌లో పెట్టి చూడండి. వేర్వేరు రోజుల ఓడీలను పోల్చొద్దు, ప్లేటు మారితే అంకె మారుతుంది.

పాజిటివ్ వచ్చిన డోనర్ అడిగితే ఇలా చెప్పండి: “అక్కా, ఇదివరకు వైరస్ సోకిన గుర్తులో, టీకా గుర్తులో ఉన్నయి. మళ్ల రాదని కాదు. మాస్కు తీయకండి.” ఓడీ అంకె మాత్రం చెప్పకండి. పెద్ద అంకె అంటే పెద్ద రక్షణ అనుకుంటారు, ఎలైసా ఓడీ ఆ మాట చెప్పలేదు.

దాపు వైల్స్ ఉన్న పెట్టెకు 9 అడ్డం, 9 నిలువు గళ్ల పటం గీసి, ఏ గడిలో ఏ యూనిట్ నంబరో రాసి, ఒక కాపీ పెట్టె మూతలో, ఇంకోటి రిజిస్టర్‌లో పెట్టండి. మంచులో చెరగని లేబుల్ వాడండి, మామూలు పెన్ను రాత ఆరు నెలలకు ఉండదు. మహమ్మారి లేని ఏడాదుల్లోనూ, అనుమతితో, ఏటా 200 సీరాలు ఇలాగే దాచాలి. అందులో సగం వానాకాలానివి. ఇంకో కొత్త వైరస్ వచ్చినప్పుడు కిట్‌ను సరి చూసుకోవడానికి కావాల్సిన “ముందటి” సీరాలు అవే.